మూడవ తీగ

తెలుగున విద్యుత్తు అన్న మాటకు మొదటి అర్థం మెరుపు. ఉర్దూలో బిజ్‌లీ అన్నా మెరుపే, బర్క్ అన్నా మెరుపే. అయితే జనసామాన్యం ఈ పండిత పదాలన్నింటినీ పక్కకు నెట్టి దానికి కరెంటు అని పేరు పెట్టుకొన్నది. కరెంటు అనగా ప్రవాహం. విచారించి చూడగా ఈ పేర్లన్నింటిలోనూ శాస్త్రానికి దగ్గరగా ఉన్నది అదే. ప్రవాహం అన్న తరువాత దానికి ఒక దారి ఉండవలెను. దారి మనం చూపినచో ఆ దారిని పోవును. చూపనిచో తనకు దొరికిన దారిని పోవును. ఆ దొరికిన దారి ఒక్కొక్కప్పుడు మనిషి శరీరమే కావచ్చును.

మేము సాహిత్యం చెప్పుకొని జీవించేవారమే గాని విద్యుచ్ఛాస్త్రం చదివినవారము కాము. అయినను ఈ విషయమై కలం పట్టుటకు మా ఇంట జరిగిన ఒక సంఘటన కారణం.

కొన్నేండ్ల క్రిందట మేము పొన్నూరులో ఒక అద్దె ఇంట ఉండేవారము. అది వానకాలం. మా అమ్మగారు వంటగదిలో తడికాళ్లతో ఫ్రిజ్ తలుపు తీసి, "చేయి జివ్వుమంటున్నది బేటా" అన్నారు. చెప్పులు వేసుకొని తీయవలసినదిగా చెప్పి, మా బాధ్యత తీరినదనుకొన్నాము. మరి రెండు దినాలకు మా నాలుగేండ్ల అమ్మాయి స్నానం చేసిన తడితో పోయి అదే తలుపు పట్టుకొని కెవ్వున కేక వేసి వెనుకకు పడినది. దైవానుగ్రహం వలన చేయి విడివడినది గనుక బిడ్డ మాకు దక్కినది. ఆ సాయంకాలమే బజారులోని ఎలక్ట్రికల్ షాపు వద్దకు పోయి, అక్కడివారు చాచా అని పిలుచుకొనే ఒక పెద్ద వయసు ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకొని వచ్చాము.

ఆయన మెయిన్ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు పెట్టే సాకెట్టును ఊడదీసి మాకు చూపించాడు. ముందు వైపున మూడు రంధ్రాలున్నవి. వెనుక వైపున తీగలు రెండే ఉన్నవి. పైనున్న పెద్ద రంధ్రానికి వెనుక ఏమియు లేదు.

"ఇదేమిటి చాచా?" అని అడిగాము.

"బల్బు వెలగడానికి, ఫ్రిజ్ చల్లబడడానికి రెండు తీగలు చాలండి మాస్టారూ. మూడోది వస్తువు కోసం కాదు, మనిషి కోసం. అది లేకపోయినా ఇంట్లో ఏదీ ఆగదు. అందుకే బేరమాడితే ముందుగా ఎగిరిపోయేది అదే."

"ఈ ఇంటివారు బేరమాడారంటావా?"

"ఎవరాడరండీ?" అని నవ్వి ఆయన తన పనిలో పడ్డాడు.

ఆ నవ్వు మాకు గుచ్చుకొన్నది. ఏలయనగా ఆ దినాలలోనే మేము సొంతంగా రెండు గదుల ఇల్లు కట్టుకొంటున్నాము. దాని వైరింగ్ పనికి పాయింటుకు ఇంత అని చెప్పిన కుర్రవానితో గంటసేపు బేరమాడి, తగ్గించుకొని, ఇంటికి వచ్చి గొప్పగా చెప్పుకొన్నాము. మరునాడు పోయి సాకెట్లు విప్పించి చూడగా అక్కడను రెండు తీగలే కనిపించినవి. ఆ కుర్రవాని తప్పు ఎంతయో మా తప్పును అంతయే. మేము తగ్గించిన డబ్బును ఆయన ఎక్కడో ఒకచోట సరిపెట్టుకొనవలసి యున్నది. కంటికి కనబడే బల్బులో తగ్గించలేడు. కనబడని మూడవ తీగలో తగ్గించాడు.

విద్యార్థులారా! ఇంటి యజమానికి తెలియనిది ఏదో, పని చౌకబడినప్పుడు ముందుగా పోయేది అదే. కనుక ఎలక్ట్రీషియన్‌ను పిలుచుటకు ముందు మనం కొంత తెలుసుకొనవలసి ఉన్నది.

మూడు తీగలు - మూడు పనులు

మన వీధిలోని ట్రాన్స్‌ఫార్మరుకు విద్యుత్తు 11 వేల వోల్టుల ఒత్తిడితో వచ్చును. అది దానిని తగ్గించి మన ఇండ్లకు 230 వోల్టులుగా పంపును. మీటరు నుండి లోనికి వచ్చే తీగలు రెండు. ఒకటి ఫేజు, అది ప్రవాహాన్ని తెచ్చును. రెండవది న్యూట్రల్, అది ప్రవాహాన్ని తిరిగి తీసికొని పోవును. బోదె నీరు పొలంలోకి వచ్చి మురుగుకాలువ గుండా పోవునట్లు, ఈ రెంటి మధ్యను బల్బు, ఫ్యాను, ఫ్రిజ్ తమ పని తాము చేసుకొనును.

మూడవది ఎర్తు. ఇది మీటరు నుండి వచ్చునది కాదు. మన ఇంటి పెరటిలో భూమిలో పాతిన గొట్టం నుండి వచ్చును. మామూలు వేళలందు దీనిలో ప్రవాహం ఉండదు. ఫ్రిజ్ లోపలి ఫేజు తీగ పైతొడుగు చిట్లి ఇనుప పెట్టెకు తాకినదనుకొందాము. అప్పుడు పెట్టె అంతయు 230 వోల్టులకు ఎక్కును. ఎర్తు తీగ ఉన్నచో ప్రవాహం దాని గుండా భూమిలోనికి దిగును. లేనిచో, తడికాళ్లతో తలుపు ముట్టినవారి గుండా దిగును.

అందుకే త్రీపిన్ ప్లగ్గున ఎర్తు పిన్ను తక్కిన రెంటికన్న పొడవుగాను లావుగాను ఉండును. ప్లగ్గు పెట్టునప్పుడు ముందుగా కలియునది అది. తీయునప్పుడు చివర విడివడునది అది. ఆ పిన్ను సాకెట్టులో దూరలేదని విరిచివేయుట, టూపిన్‌లో పెట్టి వాడుట మనలో చాలమందికి అలవాటు. అది తలుపు గడియ ఊడదీసి పొయ్యిలో పెట్టుట వంటిది.

మన నల్లరేగడి నేల

గుంటూరు, ప్రకాశం మైదానాల రైతుకు నల్లరేగడి సంగతి చెప్పనక్కరలేదు. తడిసినప్పుడు ముద్దయగును; ఎండినప్పుడు నెర్రెలు విచ్చును. ఎర్తు గొట్టానికి తడిసిన నల్లరేగడి మంచి నేల. విద్యుత్తును తేలికగా లోనికి పోనిచ్చును. కాని వేసవిలో అదే నేల బిగిసి గొట్టం నుండి విడివడి దూరంగా జరుగును. అప్పుడు గొట్టం భూమిలో ఉన్నదన్న పేరే గాని భూమితో సంబంధం ఉండదు. కనుక గొట్టం చుట్టును బొగ్గుపొడి, ఉప్పు వేసి, పైన చిన్న తొట్టె కట్టించి, ఎండకాలంలో వారానికి రెండు మూడు పర్యాయాలు నీరు పోయుట మంచిది. గాల్వనైజ్డ్ ఇనుప గొట్టం కనీసం రెండున్నర మీటర్ల పొడవు ఉండవలెనన్నది భారత ప్రమాణాలలోని నియమం. రెండడుగుల కడ్డీ దిగగొట్టి ఎర్తింగ్ అయినదనువారిని నమ్మరాదు. ఉప్పు వలన ఇనుము తుప్పు పట్టును గనుక కొన్నేండ్లకు ఒకసారి విప్పి చూడవలెను.

ఫ్యూజు ఎవరిని కాపాడును?

"మా ఇంట ఎం.సి.బి. ఉన్నది, మాకు భయం లేదు" అని పలువురు అనుచుండగా విన్నాము. ఇది పెద్ద పొరపాటు. పాత ఫ్యూజు గాని, నేటి ఎం.సి.బి. గాని కాపాడునది తీగను, మనిషిని కాదు. తీగ భరింపగలిగిన దానికన్న ఎక్కువ ప్రవాహం పోయి, అది వేడెక్కి ఇల్లు అంటుకొనకుండ చూచుటయే దాని పని.

లెక్క చూడుడు. 6 ఆంపియర్ల ఎం.సి.బి. పడిపోవుటకు 6 ఆంపియర్లకు మించిన ప్రవాహం కావలెను. తడిసిన దేహం సుమారు వెయ్యి ఓముల నిరోధం చూపునని తీసికొన్నచో దాని గుండా పోవునది 0.23 ఆంపియరు, అనగా 230 మిల్లీ ఆంపియర్లు. సుమారు 10 మిల్లీ ఆంపియర్ల వద్దనే కండరాలు బిగుసుకొని పట్టిన చేయి వదలలేని స్థితి రావచ్చును. 30 దాటిన కొలది గుండె లయ తప్పే ప్రమాదం పెరుగును. 230 మిల్లీ ఆంపియర్లు ప్రాణాంతకం. అయినను ఎం.సి.బి. దృష్టిలో అది ఒక చిన్న బల్బు వాడకం వంటిది, కదలదు.

ఎర్తు ఒక్కటియే చాలునా అన్న ప్రశ్న కూడ వచ్చును. ఎర్తు గొట్టం వద్ద నేల నిరోధం 20 ఓములు ఉన్నదనుకొందాము. 230ని 20చే భాగింపగా 11.5 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దీనికి కూడ పడిపోదు. ఫ్రిజ్ పెట్టెపై ప్రమాదకరమైన ఒత్తిడి అట్లే నిలిచియుండును.

ఈ లోపాన్ని తీర్చునది ఆర్.సి.సి.బి. ఫేజులో వచ్చిన ప్రవాహం, న్యూట్రల్‌లో తిరిగిపోయిన ప్రవాహం సమానంగా ఉన్నవా లేదా అని అది ఎల్లవేళల తూచుచుండును. రెంటి మధ్య తేడా వచ్చినదనగా కొంత ప్రవాహం దారి తప్పి ఎక్కడికో పోవుచున్నదని అర్థం. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరినచో సెకనులో మూడవ వంతుకు లోపుగనే సరఫరాను తెంచివేయును. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్‌జీల్ విద్యుత్తు తగిలినప్పుడు మానవదేహం ఎంత ప్రవాహాన్ని ఓర్చుకొనగలదో పరిశోధించి, దాని ఫలితంగా 1961లో ఇటువంటి రక్షణ సాధనాన్ని రూపొందించాడు. ఆర్.సి.సి.బి. మీద ఒక పరీక్ష బొత్తాము ఉండును. నెలకొకసారి నొక్కి చూడవలెను. నొక్కగానే పడిపోనిచో దానిని మార్పించవలెను.

ఇది కూడ సర్వరక్షకం కాదు. ఒక చేత ఫేజును, మరొక చేత న్యూట్రల్‌ను పట్టుకొన్నవానిని అది కాపాడజాలదు; ఏలయనగా దాని తూకంలో తేడా రాదు. ఇంకొక మాట. ఆర్.సి.సి.బి. మాటిమాటికి పడిపోవుచున్నదని విసిగి, దానిని తప్పించి తీగలు నేరుగా కలిపించుకొనువారు ఉన్నారు. అది పడిపోవుచున్నదనగా ఇంట ఎక్కడో ప్రవాహం కారుచున్నదని చెప్పుచున్నది. అరిచే కుక్కను వెళ్లగొట్టి దొంగ లేడనుకొనుట వివేకం కాదు.

తరచుగా వచ్చే సందేహాలు

గీజర్ వేయగానే ఎం.సి.బి. పడిపోవుచున్నది, కారణమేమి? 2,000 వాట్ల గీజర్‌కు సుమారు 8.7 ఆంపియర్ల ప్రవాహం కావలెను. ఇండక్షన్ పొయ్యికి కూడ అంతే. రెండును ఒకే తీగపై వేసినచో 17 దాటును. ఇటువంటి వస్తువులకు మెయిన్ నుండి విడిగా తీగ లాగించవలెను. బల్బులకు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, గీజర్, ఏసీ వంటి వాటికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయించుట మంచి పద్ధతి. తీగ మార్చకుండ పెద్ద ఎం.సి.బి. బిగించుట, ఫ్యూజులో లావు తీగ చుట్టుట కొంపకు నిప్పు పెట్టుకొనుటయే.

ఫ్యాను నెమ్మదిగా తిరుగుచున్నది? చాలసార్లు దోషం కెపాసిటర్‌ది. అది చిన్న వస్తువు, మార్చినచో చాలును. దానికై ఫ్యానును పారవేయ బనిలేదు.

బల్బులు ఉన్నట్టుండి మిక్కిలి కాంతితో వెలిగి మాడిపోయినవి? వీధిలో గాని, ఇంట గాని న్యూట్రల్ తీగ తెగియుండవచ్చును. అప్పుడు 230కి బదులు 400 వోల్టుల దాక ఒత్తిడి రాగలదు. వెంటనే మెయిన్ ఆపి కరెంటు ఆఫీసుకు తెలుపవలెను.

స్విచ్చి ఆపినను ఎల్.ఈ.డి. బల్బు మసకగా వెలుగుచున్నది? స్విచ్చిని ఫేజులో కాక న్యూట్రల్‌లో పెట్టియుండవచ్చును. అటువంటి హోల్డరులో స్విచ్చి ఆపిన తరువాత కూడ ఫేజు ఉండును. బల్బు మార్చబోయినవాని ప్రాణానికి ముప్పు. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు టెస్టరుతో చూపించుకొనవలెను.

బిల్లు ఎక్కువైనది, మీటరు తప్పా? ముందుగా లెక్క చూచుకొందాము. వెయ్యి వాట్లు ఒక గంట వాడినచో ఒక యూనిట్. 75 వాట్ల ఫ్యాను పది గంటలు తిరిగినచో ముప్పాతిక యూనిట్. 2,000 వాట్ల గీజర్ అరగంట వాడినచో ఒక యూనిట్. అనగా అరగంట వేడినీళ్ల ఖర్చు ఒక రాత్రంతయు తిరిగిన ఫ్యాను ఖర్చును మించినది.

ఎలక్ట్రీషియన్ ఎవరు, లైన్‌మన్ ఎవరు?

ఈ తేడా తెలియక జరిగే అనర్థాలు మిక్కుటం. స్తంభం నుండి మీటరు వరకు ఉన్నదంతయు పంపిణీ సంస్థది. 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు 1999లో విభజింపబడినది. మన ప్రాంతం ఏపీసీపీడీసీఎల్ పరిధిలో ఉన్నది. మీటరు దాటి లోపలికి వచ్చినదంతయు మనది. మన భాగానికి ఎలక్ట్రీషియన్‌ను పిలువవలెను. స్తంభానికి సంబంధించిన పనికి 1912 నంబరుకు ఫోను చేయవలెను. రంజాన్ నెలలో సహరీ వేళ కరెంటు పోయినదనియో, ఇంట పెండ్లి ఉన్నదనియో తొందరపడి, వీధిలోని కుర్రవానిని స్తంభం ఎక్కుమని ప్రోత్సహించరాదు. వాని తల్లికి మనం సమాధానం చెప్పుకొనలేము. తుపానుగాలికి తెగిపడిన తీగను ముట్టుట, కర్రతో నెట్టుట కూడ కూడదు.

శుభకార్యాలకు జనరేటరు తెచ్చి, రెండు చివరలను ప్లగ్గులున్న తీగతో ఇంటి సాకెట్టుకు కలుపుట మరొక దురలవాటు. ఆ విద్యుత్తు వెనుకకు ప్రవహించి ట్రాన్స్‌ఫార్మరు దాక పోయి అక్కడ 11 వేల వోల్టులుగా మారగలదు. సరఫరా ఆగినదను నమ్మకంతో తీగపై చేయి వేసిన లైన్‌మన్ ఏమి కావలెను? చేంజ్‌ఓవర్ స్విచ్చి లేనిదే జనరేటరును ఇంటికి కలుపరాదు.

పని అప్పగించు విధం

ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ శిక్షణ రెండేండ్లు. రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు వైర్‌మన్ పర్మిట్లు ఇచ్చుచున్నది. క్రొత్త ఇంటి వైరింగ్ లైసెన్సు గల కాంట్రాక్టరు ద్వారానే జరుగవలెనన్నది నియమం. చిన్న మరమ్మతులకు వచ్చే పనివానిని కూడ పర్మిట్ ఉన్నదా అని మర్యాదగా అడుగుటలో తప్పు లేదు. కాగితం లేకపోయినను అనుభవం చేత నేర్చిన మంచి పనివారు మన ఊళ్లలో ఉన్నారు. వారిని గుర్తించుటకు ఒక గుర్తు కలదు: పని మొదలుపెట్టుటకు ముందు మెయిన్ ఆపి, ఆ తరువాత కూడ టెస్టరుతో చూచుకొనువాడు మంచి పనివాడు. "నాకు షాకు కొట్టదు" అని గొప్పలు చెప్పువానికి పని ఇవ్వరాదు.

బేరం మాట. సామాను వేరు, మజూరీ వేరు చేయుట ఉత్తమం. తీగలు, స్విచ్చులు, ఎం.సి.బి.లు ఐ.ఎస్.ఐ. గుర్తు చూచి మనమే కొని ఇచ్చినచో అందులో తగ్గించవలసిన అవసరం పనివానికి ఉండదు. మజూరీ మాట్లాడునప్పుడు "పాయింటుకు ఎంత?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టక ఈ నాలుగు అడుగవలెను: ప్రతి త్రీపిన్‌కు ఎర్తు తీగ వేయుచున్నావా? ఎర్తు గొయ్యి ఎక్కడ, ఎంత లోతు? ఆర్.సి.సి.బి. పెట్టుచున్నావా? స్విచ్చులన్నియు ఫేజులోనే ఉండునా? పని ముగిసిన తరువాత, మెయిన్ ఆపించి, ఒక సాకెట్టు విప్పి చూపుమని అడుగవలెను. ఆకుపచ్చ తీగ కంటితో చూచిన పిమ్మటనే డబ్బు చెల్లించవలెను. చీకటి పడిన తరువాత తొందరపెట్టి పని చేయించరాదు. తడినేలపై నిలువనీయక ఎండిన కొయ్యబల్ల వేయించి, మెయిన్ వద్ద మరొకరెవరూ స్విచ్చి వేయకుండ కాపుండవలెను. ఆయన ప్రాణం కూడ మన ఇంట ఉన్నంతసేపు మన బాధ్యతయే.

ఎవరికైనను విద్యుత్తు తగిలినచో చేతితో పట్టి లాగరాదు. ముందుగా మెయిన్ ఆపవలెను. అది దూరమైనచో ఎండిన కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో విడదీయవలెను. శ్వాస ఆగినచో ఛాతీ మధ్యను రెండు చేతులతో బలంగా, వేగంగా నొక్కుచు, మరొకరిచేత 108కి ఫోను చేయించవలెను.

ఒక మనవి

చాచా మా అద్దె ఇంట మూడవ తీగ వేసి పోయిన తరువాత, మా సొంత ఇంటికి కూడ ఆయననే పిలిచాము. గోడలు మరల తొలిపించవలసి వచ్చినది. బేరంలో మిగుల్చుకొన్న దానికి ఎన్నో రెట్లు ఖర్చయినది. ఈ పర్యాయం మేము బేరమాడలేదు. ఆయనయే ఆశ్చర్యపడి, "అడగరేమండీ మాస్టారూ?" అన్నాడు.

విద్యార్థినీ విద్యార్థులు సెలవులలో ఇండ్లకు పోయినప్పుడు ఒక పని చేయవలెనని మా కోరిక. మీ ఇంట ఆర్.సి.సి.బి. ఉన్నదా, ఉన్నచో పరీక్ష బొత్తాము పని చేయుచున్నదా చూడుడు. ఎర్తు గొయ్యి ఎక్కడనో మీ పెద్దలను అడుగుడు. వారికి తెలియకపోయినచో అదియే మీకు లభించిన సమాధానం. సాకెట్లు మాత్రం మీరు విప్పకుడు, తెలిసినవానిని పిలిపించుడు. కళాశాల కమిటీవారికి కూడ ఒక విన్నపం. మన తరగతి గదులలోను, ప్రయోగశాలలోను, మంచినీటి కూలర్ వద్దను ఎర్తింగ్‌ను ప్రతి వేసవిలో పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని నోటీసు బోర్డుపై ఉంచవలెను. కూలర్ వద్ద బిడ్డలు తడిచేతులతోనే నిలువబడుదురు.